ఖాళీ గోడ

“దండెం కిందికి దించి కట్టేశాను రత్నం. ఇంక నీకు చెయ్యెత్తే పనే లేదు” అన్నారు మా ఆయన చేతులు దులుపుకుంటూ.

ఆ రోజు ఆదివారం. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా నలగకుండా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, పెరట్లో జామచెట్టుకీ స్నానాలగది కిటికీ చువ్వకీ మధ్య ఉన్న నైలాను తాడు విప్పి, నా నడుముకి జానెడు పైన మళ్ళీ కట్టారు. అంత కిందికి కట్టిన దండెం మీద చీర ఆరేస్తే అంచు నేలకి తగులుతుంది. నాలుగు మడతలు పెట్టి ఆరేస్తే తగలదు గాని, సాయంత్రానికి కూడా ఆరదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన మొహం నిండా తృప్తి. తీరా చర్చికి వెళ్ళాక నలుగురితో చెప్పారు కూడాను. “ఎంత కనిపెట్టుకుని చూస్తారండీ మిమ్మల్ని” అని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నా దగ్గరకొచ్చి అన్నారు. అవునండీ అన్నాను. దండెం దించే బదులు ఆ బట్టలేవో ఆయనే ఆరేయొచ్చు కదా అన్న ఆలోచన ఆయనకి రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. అది రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

నా ఎడమ భుజం దగ్గర ఎముక చిట్లి అప్పటికి నెలన్నర దాటింది. 2006 ఆగస్టులో మా ఇంట్లో గృహకూడిక పెట్టుకున్నాం. అంటే పాస్టరుగారూ సంఘస్తులూ ఇంటికొచ్చి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనం చేసి వెళ్ళడం. ప్రార్థన ముందుగదిలో జరుగుతుంది, భోజనం వెనకాల తయారవుతుంది. మా ఆయన బెంజమిన్ గారు ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, ఏలూరులో మా సంఘానికి కార్యదర్శి. “కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశాక కొరమీను దొరకడమే గగనమైపోయింది. అయ్యగారికిష్టమని చెప్పిపెట్టి మరీ తెప్పించాను” అని ఒక సంచీ తెచ్చి పెరట్లో పెట్టి, ముందుగదిలోకి వెళ్ళిపోయారు. సంచీ కదులుతోంది. కొరమీనుని బూడిదేసి గరుకు రాతి మీద రుద్దితే గాని జిగురు పోదు. నేను రుద్దుతుంటే ముందుగదిలో మూడో పాట అందుకున్నారు. ముక్కలు కోసి గిన్నెలో వేసుకుని, జిగురునీళ్ళ మీద ఒక్క అడుగు వేశాను. ఎడమచెయ్యి మీద పడ్డాను. లోపల ఏదో పుటుక్కుమన్న చప్పుడు నాకొక్కదానికే వినపడింది. మా అత్తయ్యగారు యేసమ్మగారు వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి, “ముక్కలేవైనా మట్టిలో పడ్డాయేంటమ్మాయ్?” అని అడిగారు. లేదండీ అన్నాను. నిజంగానే ఒక్క ముక్క కూడా పడలేదు, గిన్నె కుడిచేత్తో పైకెత్తి పట్టుకునే పడ్డాను. ఆ రాత్రి పాస్టరుగారు పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. వడ్డించింది నేనే.

మర్నాడు మా ఆయన ఆఫీసులో పర్మిషన్ పెట్టి ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారు. లోపల ఎక్స్‌రే తీస్తున్నంతసేపూ బయట ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. చెయ్యి కదలకుండా మూడు వారాలు మెడలో పట్టీ వేసుకోమని, ఆ తర్వాత వ్యాయామాలు మానకూడదని చెప్పి, చివర్లో నవ్వుతూ, “కుడి చెయ్యి కాలేదు, అదృష్టవంతులు” అన్నాడు.

డాక్టరు చెప్పినవాటిలో అందరికీ బాగా పనికొచ్చిన మాట అదే. అత్తయ్యగారు, “కుడి చెయ్యి బాగానే ఉందిగా, పచ్చడి మాత్రం రుబ్బెయ్యమ్మాయ్. నాకు మిక్సీ పచ్చడి సయించదు” అనేవారు. నేను పనిచేసే స్కూలు కైకలూరు రోడ్డులో కొల్లేరు ఒడ్డున ఉంది. మా హెడ్మాస్టరు సూర్యప్రకాశరావుగారు నా సెలవు చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, “కుడి చెయ్యి క్షేమమే కదా మేడమ్? పేపర్లు దిద్దడానికి ఎడమచేత్తో పనేముందండీ” అని, మిగతా వాళ్ళ కట్టలు కూడా కొన్ని నాకు పంపించారు. మెడలో పట్టీతో, ఒళ్ళో కట్టలతో మంచం మీద కూర్చుని, నేను ఎంత అదృష్టవంతురాలినో దిద్దుకుంటూ పోయాను. కుడి చెయ్యి ఉంటే ఆడమనిషి మొత్తం ఉన్నట్టే లెక్క. ఎడమచెయ్యి ఏదో తోడుకి వచ్చిన చుట్టం.

మూడు వారాలకి పట్టీ తీసేశాక వ్యాయామాల సంగతి ఎత్తాను. “పొద్దున్న లేచింది మొదలు పని చేస్తూనే ఉంటావు. అంతకంటే ఎక్సర్‌సైజేముంటుంది నీకు!” అన్నారు మా ఆయన. ఆ మాటలో మెప్పు ఉందనే ఆయన ఉద్దేశం. “చెయ్యిని పనిలో పెడితే అదే వదులుతుంది. మా రోజుల్లో ఎవరు చేశారమ్మా ఈ వ్యాయామాలు” అన్నారు అత్తయ్యగారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఊడ్చాను, అంట్లు తోమాను, రుబ్బాను, ఎసరు పెట్టాను, గంజి వార్చాను. చెయ్యి అన్నింటికీ వచ్చింది, మూలుగుతూనే వచ్చింది. అక్టోబరు వచ్చేసరికి మాత్రం జడ వేసుకోవాలంటే ఎడమచెయ్యి మెడ దాకా కూడా వెళ్ళడం మానేసింది. జాకెట్టు వేసుకోవడం ఒక పెద్ద ప్రయాణమైపోయింది. ఒకరోజు బస్సులో కుడిచేత్తో సంచీ పట్టుకుని, ఎడమచేత్తో పైన కడ్డీ పట్టుకోబోతే చెయ్యి గుండెల దగ్గర ఆగిపోయింది. బస్సు కుదిపిన కుదుపుకి ఎవరో పెద్దాయన ఒళ్ళో పడ్డాను. “చూసుకోవాలమ్మా” అన్నాడాయన. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా పవర్‌పేటలో బోర్డు చూసి ఫిజియోథెరపీ గదిలోకి వెళ్ళాను. ఎవరినీ అడగకుండా నేను ఒక చోటికి వెళ్ళడం అదే మొదటిసారేమో.

ఆ అమ్మాయి పేరు నజ్నీన్. సొంత ఇంటి ముందుగదినే క్లినిక్కు చేసుకుంది. నా చెయ్యిని ముంజేయి దగ్గర పట్టుకుని ముందుకి, పక్కకి, వెనక్కి తిప్పి చూసింది. ప్రతిసారీ ఒకచోట తలుపు గడియ పడ్డట్టు ఆగిపోయేది.

“భుజం పట్టేసింది టీచర్‌గారూ. ఎముక ఎప్పుడో అతుక్కుంది. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయింది. ఎందుకండీ ఇన్నాళ్ళు వదిలేశారు?”

“వదిలెయ్యలేదమ్మా. రోజూ పని చేస్తూనే ఉన్నాను.”

“ఏం పనులండీ?”

చెప్పాను. మధ్యలో ఒకటి మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా వింది.

“వీటిల్లో ఒక్క పనిలోనైనా చెయ్యి భుజం దాటి పైకెళుతుందాండీ?” అని అడిగింది.

ఇంటికెళ్ళి ఆ రాత్రీ మర్నాడూ నన్ను నేను గమనించుకున్నాను. చీపురు నేల మీద, చాకలిబండ మోకాలి ఎత్తున, రుబ్బురోలు ఇంకా కిందికి, పొయ్యిగట్టు నడుం దగ్గర. పిల్లల పేపర్లు ఒళ్ళో, బియ్యంలో రాళ్ళేరడం ఒళ్ళో, అత్తయ్యగారి కాళ్ళకి తైలం రాయడం మంచం పక్కన నేల మీద కూర్చుని. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను చేసే పనంతా భుజానికి కిందనే జరుగుతోంది. చెయ్యి పైకి లేచే పని ఒక్కటే ఉండేది, బట్టలారేయడం. దాన్ని మా ఆయన ప్రేమగా కిందికి దించి కట్టారు. నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలో మాత్రం తెలియలేదు.

నజ్నీన్ చెప్పిన వ్యాయామాలు కష్టమైనవేం కావు. వేడి కాపడం పెట్టుకోవాలి. బల్ల పట్టుకుని ముందుకి వంగి చెయ్యిని వేలాడదీసి గుండ్రంగా ఊపాలి. కర్రని రెండు చేతుల్తో పట్టుకుని, బాగున్న చేత్తో రెండోదాన్ని పైకి తోయాలి. అన్నింటికంటే ముఖ్యమైనది గోడ. గోడకి ఎదురుగా నిలబడి, ఎడమచేతి వేళ్ళతో సాలీడు పాకినట్టు పైకి పాకాలి. అందినంత వరకూ వెళ్ళాక అక్కడ కాసేపు ఆగాలి. నొప్పిని తిట్టుకుంటూ ఆగాలి. మర్నాడు ఆ చోటు కంటే కొంచెం పైకి వెళ్ళాలి. “ఎక్కడ తీరిక దొరికితే అక్కడ చెయ్యండి. మెషిన్లేం అక్కర్లేదు, ఖాళీ గోడ ఒకటి చాలు” అంది.

ఇంటికొచ్చి ఖాళీ గోడ కోసం వెతికాను. ముందుగదిలో ఒక గోడకి టీవీ, ఒక గోడకి ఆయన బిషప్పుగారి పక్కన నిలబడ్డ ఫోటోలు, మూడోదానికి సంఘం వాళ్ళిచ్చిన షీల్డులు, వాక్యాల క్యాలెండరు. పడగ్గదిలో బీరువా, అద్దం బల్ల, ఆయన చొక్కాల కొక్కేలు. వంటింట్లో ఏ గోడకి చూసినా అరలే. అత్తయ్యగారి గదిలో మంచం వైపు గోడ ఖాళీగా ఉంటే అక్కడ మొదలుపెట్టాను గాని, “నా మొహం మీదుగా ఆ చెయ్యేంటమ్మాయ్, నిద్ర పట్టొద్దా” అన్నారు. ప్రహరీగోడ దగ్గర ఒకరోజు చేశాను. పక్కింటావిడ చూసి ఏమైందండీ అని కంగారుపడింది. “వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు రత్నం, గోడ పాకుతున్నావని” అన్నారు మా ఆయన, నొప్పించకుండా, మెల్లగానే. ఈ ఇంటి గోడలకి సున్నం వేయించేటప్పుడు కూలీలకి టీలు మోసినదాన్ని నేనే. ఒక్క నిలువెత్తు జాగా నాకంటూ మిగుల్చుకోలేదని అప్పుడు గాని చూసుకోలేదు.

చివరికి గోడ చర్చి వెనకాల దొరికింది. మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఎంత లేని ఇల్లయినా, ఆ పూట సరిపోకపోయినా ఆ పిడికెడు మానరు. నెలాఖరుకి, ఇళ్ళకెళ్ళి వాక్యం చదివి ప్రార్థన చేసే బైబిల్ స్త్రీ మార్తమ్మగారు ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు సంచిలో ఒంపుకుని తీసుకెళతారు. నేను కాపరానికి రాకముందు నుంచీ అలా పోగైన బియ్యం అమ్మి స్త్రీల సమాజం వాళ్ళు చర్చి వెనక ఒక గది కట్టుకున్నారు. లోపల చాపలు, పాటల పుస్తకాల పెట్టె, ఒక కుర్చీ. మిగిలినదంతా తెల్లటి గోడ. మార్తమ్మగారిని తాళంచెవి అడిగితే, “దేనికమ్మా?” అన్నారు. గోడ కోసం అన్నాను. ఆవిడ ఒకసారి నా భుజం వైపు చూసి ఇచ్చేశారు.

స్కూలు నుంచి బస్సు దిగి ఇంటికెళ్ళేముందు రోజూ అక్కడికి వెళ్ళడం అలవాటైంది. తలుపు దగ్గరేసుకుని, చెప్పులు విప్పి, గోడ ముందు నిలబడేదాన్ని. వేళ్ళు పాకుతూ పాకుతూ ఒకచోట ఆగిపోయేవి. అక్కణ్ణించి ఒక్క అంగుళం పైకి తోయాలంటే భుజంలో ఎవరో మెలిపెట్టి పిండినట్టుండేది. ఏడ్చేదాన్ని. ఇంట్లో ఏడిస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెప్తే ఓదార్పు వినాలి. ఇక్కడ అదేం లేదు. నా నొప్పి, నా ఏడుపు, నా గోడ. పని ఏదీ చేయకుండా, ఎవరూ పిలవకుండా నేను నిలబడిన సమయం నా పెళ్ళయ్యాక అదొక్కటే. చెయ్యి బాగుపడాలని వెళ్ళేదాన్ని గాని, కొన్నాళ్ళకి చెయ్యి ఒక వంకగా మారిందేమో అని కూడా అనిపించింది. అనిపిస్తే అనిపించిందిలే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే అత్తయ్యగారి గదిలో మంచానికీ గోడకీ మధ్య నిలబడి కర్రతో చెయ్యి పైకి తోస్తున్నాను. ఆవిడ పడుకునే చూస్తూ, “ఎంతదాకా వచ్చింది?” అని అడిగారు. గడ్డం దాకా చూపించాను. ఆవిడ లేచి కూర్చుని, దుప్పటి తీసి, తన చెయ్యి ఒకటి పైకెత్తారు. అది గుండెల దగ్గరే ఆగిపోయింది.

“గడ్డిమోపుతో కాలవ గట్టు మీంచి జారిపడ్డాను. అప్పుడు మీ ఆయన నా కడుపులో ఉన్నాడు. బిడ్డకేం కాలేదని అందరూ దేవుణ్ణి స్తుతించారు” అన్నారు.

“ఎవరికీ చెప్పలేదాండీ?”

“పని ఆగితే కదమ్మా ఎవరైనా అడిగేది.”

ప్రార్థనప్పుడు ఆవిడ కొంగు తలమీదకి ఎప్పుడూ ఒకే చేత్తో లాక్కుంటారు. అది ఆవిడ అలవాటనుకుంటూ ఇరవై రెండేళ్ళు పక్కనే కూర్చున్నాను. కర్ర ఆవిడకి ఇవ్వబోయాను. “ఇప్పుడెందుకులే. కాఫీ పెట్టు” అన్నారు.

మా ఆయనకి నా వ్యాయామం మంచి కాలక్షేపమైంది. ఎవరైనా ఇంటికొస్తే నేను బల్ల పట్టుకుని చెయ్యి ఊపుతుంటే చూపించి, “మా ఆవిడ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ చెయ్యెత్తేస్తుందండీ. డాక్టరమ్మ ఆర్డరు” అని నవ్వేవారు. వచ్చినవాళ్ళూ నవ్వేవారు. ఆ నవ్వులో చెడ్డతనమేం లేదు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు నేను కూడా నవ్వేదాన్ని. మా ఆయన తాగరు, కేకలెయ్యరు, నా మీద చెయ్యి చేసుకోలేదు. అందుకే ఏదైనా అందామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది కాదు.

జనవరికి వేళ్ళు నా కళ్ళ ఎత్తుకి చేరాయి. నజ్నీన్ సంతోషపడింది గాని వెంటనే హెచ్చరించింది కూడా. “ఇప్పుడే అసలు సమయం టీచర్‌గారూ. ఇక్కడ ఆపేస్తే మళ్ళీ బిగుసుకుపోతుంది, ఈసారి వదలదు. ఎండాకాలం దాకా ఆ గోడని మాత్రం మానొద్దండీ.” మానను అన్నాను. మాట ఇచ్చినట్టే అన్నాను.

ఆ వారమే రాత్రి అన్నం దగ్గర మా ఆయన కొత్త సంగతి చెప్పారు. సంఘ పెద్దలకి ఆఫీసు గది లేదట. ఎవరైనా పెద్దవాళ్ళొస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదట. స్త్రీల సమాజం గది ఊరికే పడి ఉంది కాబట్టి దాన్ని పెద్దల ఆఫీసు చేద్దామని కమిటీలో అనుకున్నారట. బల్ల, బీరువాలు కూడా చూసొచ్చారు. గోడ చుట్టూ అరలు కొట్టిస్తారు.

“మరి ఆడవాళ్ళండీ?” అన్నాను.

“వాళ్ళకి నెలకో గంటేగా. వరండాలో చాపలేసుకుంటే గాలీ వెలుతురూ వస్తాయి.”

“నేను రోజూ అక్కడే ఎక్సర్‌సైజు చేస్తున్నానండీ. ఇంకా మానకూడదంది ఆ అమ్మాయి.”

“ఇంట్లో చేసుకో రత్నం. మనకి ఇల్లు లేదా ఏంటి?”

నేను షీల్డుల గోడ వైపు చూశాను. ఆయన నా చూపు గమనించలేదు, కంచంలో పులుసు కలుపుకుంటున్నారు.

“ఆ గది ఆడవాళ్ళు పిడికెడు బియ్యం దాచి కట్టుకున్నదండీ.”

ఆయన తలెత్తి నవ్వారు. “ఆ బియ్యం ఎవరు కొన్నారు?”

మా ఇంట్లో బియ్యం బస్తా చాలా నెలలు నా జీతంతోనే వస్తుంది. ఆ సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆయనకి మజ్జిగ పోస్తున్నాను. పడుకున్నాక గుర్తొచ్చింది. అప్పుడు కోపం వచ్చింది, మొట్టమొదటిసారి, భుజంలోంచి మెడ దాకా. పక్కన ఆయన ప్రశాంతంగా నిద్రపోతున్నారు.

మర్నాడు గదికి వెళ్ళేసరికి మార్తమ్మగారు లోపల చాపలు చుడుతున్నారు. అప్పుడే కబురందిందట. “మీరైనా సంఘసభలో ఒక మాట అనండి” అన్నాను. “నన్ను సంఘమే పోషిస్తోందమ్మా. నేను లేచి నిలబడితే నా కూడు నిలబడదు” అన్నారావిడ. ఇంకో ఇద్దరిని కదిపాను. ఒకావిడ, “మా ఆయన కమిటీలో ఉన్నారండీ, ఇంటికెళ్ళాక ఎవరు పడతారు” అంది. రెండో ఆవిడ, “వరండా అయితే పిల్లలు ఆడుకోడానికి కూడా బాగుంటుందిలెండి” అని సర్దుకుంది. తిట్టడానికి నోరు రాలేదు. నేను మాత్రం ఆ రాత్రి మజ్జిగ పొయ్యలేదా? చాపలు చుట్టేశాక గోడ ముందు నిలబడి నా పని నేను చేసుకున్నాను. ఆ రోజు వేళ్ళు అంగుళం కూడా పైకి పోలేదు.

ఫిబ్రవరిలో సంఘసభ. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ కదలకుండా అక్కడే కూర్చుంటారు. మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. పాస్టరుగారు అధ్యక్షులు. మా ఆయన పక్కన బల్ల దగ్గర మైకు, తీర్మానాల పుస్తకం పెట్టుకుని కూర్చుంటారు. ఓటంటే చీట్లూ పెట్టెలూ ఉండవు. పాస్టరుగారు తీర్మానం చదివి, అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమంటారు. ముందు అటువైపు చేతులు లేస్తాయి. ఇటువైపు ఆడవాళ్ళు తమ ఇంటి మగవాళ్ళ చెయ్యి లేచిందో లేదో చూసుకుని ఎత్తుతారు. ఆ వెంటనే అదే ఊపిరిలో, “వ్యతిరేకం ఎవరూ లేరు, తీర్మానం ఆమోదించబడింది” అంటారు. నేను ఆ సంఘంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆ వాక్యం మధ్యలో ఆయన ఊపిరి తీసుకోవడం వినలేదు.

కమిటీలో ఒక పెద్ద, జ్ఞానయ్యగారు, తీర్మానం ప్రతిపాదించారు. ఇంకొకరు బలపరిచారు. ఆడవాళ్ళ సౌకర్యం కోసం వరండాలో ఒక ఫ్యాను పెట్టించాలని కూడా అందులో చేర్చారు. “అనుకూలంగా ఉన్నవాళ్ళు” అన్నారు పాస్టరుగారు. అటు చేతులు లేచాయి, తర్వాత ఇటు లేచాయి. మార్తమ్మగారు తల వంచుకుని చెయ్యెత్తారు. నా పక్కన అత్తయ్యగారు, రెండు చేతుల్లో లేచే చెయ్యేదో అది ఎత్తారు. కొడుకు రాసిన తీర్మానం కదా. నా ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. పొద్దున ఆ దండెం మీద బట్టలారేసి వచ్చానేమో, వంగి వంగి భుజం సలుపుతోంది. సిగ్గేసింది, భయమేసింది, ఇంటికెళ్ళాక ఆ మెత్తటి గొంతు ఏమంటుందో ముందే వినపడింది. అయినా ఆ గోడకి రేపు అరలు కొట్టేస్తారు అన్నది వాటన్నిటికంటే పెద్దగా వినపడింది.

“వ్యతిరేకం ఎవరూ” అని పాస్టరుగారు ఆగిపోయారు.

నేను చెయ్యెత్తి ఉన్నాను.

చర్చిలో చిన్న గుసగుస మొదలైంది. పాస్టరుగారు కళ్ళజోడు సవరించుకుని, “అమ్మా, రత్నమాణిక్యంగారూ...” అని, మా ఆయన వైపు చూశారు. మా ఆయన కూడా నా వైపు చూశారు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏమీ లేదు. తర్వాత ఎప్పటి నవ్వే వచ్చింది. మైకు దగ్గరకి లాక్కున్నారు.

“అది ఓటు కాదండీ అయ్యగారూ. ఆవిడ చెయ్యి పట్టేసింది కదా, ఎక్కడ పడితే అక్కడ పైకెత్తమని డాక్టరమ్మ చెప్పింది. అది ఎక్సర్‌సైజండీ. మీరు కానివ్వండి.”

చర్చి అంతా నవ్వింది. అటువైపు గట్టిగా, ఇటువైపు కొంగులడ్డం పెట్టుకుని. నా మీద అక్కసుతో కాదు, పాపం అన్నట్టే నవ్వారు. పాస్టరుగారు కూడా తేలిగ్గా ఊపిరి తీసుకుని కాగితం మీదకి వంగారు. మా ఆయన అప్పటికే కలం తీసి రాయడం మొదలుపెట్టారు. నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆగాను. చెయ్యి దించకుండానే లేచి నిలబడ్డాను.

“ఏవండీ, విరిగింది ఎడమచెయ్యండీ. ఇది కుడి చెయ్యి” అన్నాను. “వ్యతిరేకం అని రాయండి.”